వాన పడే వైపు

“ఆ కాగితాలు ఇంకో నెల్లాళ్ళు నీ దగ్గరుంటే ఎవరి కొంప మునుగుతుంది?” అన్నాడు బాబాయి.

పిన్ని మంచం అంచున నిటారుగా కూర్చుని, నల్ల కళ్ళద్దాల వెనకనుంచి గోడవైపు చూస్తోంది. ఆ గోడ ఆమెకు మసగ్గా తప్ప కనబడదు. కంటి ఆపరేషన్ జరిగి తొమ్మిది రోజులైంది. మరో రెండు వారాల పాటు ఒక్క అక్షరం చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

“నిన్నే అడిగేది.”

“వింటున్నాను. ఆపరేషన్ చేసింది కళ్ళకి, చెవులకి కాదు.”

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలికి పోవడానికి ధైర్యం లేదు, వంటింట్లోకి పోవడానికి మనసు లేదు. ఈ గొడవంతా నా గొంతు వల్ల వచ్చింది.

మామూలుగా నేను మాట్లాడితే పక్కనున్న వాళ్ళు “ఏంటీ?” అని రెండుసార్లు అడుగుతారు. కానీ మా ఊరి బడిలో పాఠం చదవడమంటే ఆఖరి బెంచీ దాకా వినబడాలి. పదేళ్ళు అలాగే చదివాను. కాగితం చేతికొస్తే నా గొంతు దానంతటదే లేస్తుంది. నిన్న పిన్నికి ఆ వ్యాసం చదివి వినిపిస్తున్నప్పుడూ లేచింది. తలుపు వేసే ఉంది. అయినా హాల్లో కూర్చుని యూనిఫారాలకి గుండీలు కుడుతున్న బాబాయికి మొదటి మాటనుంచి చివరి మాట దాకా వినబడింది.

అది ఎవరూ వినకూడని వ్యాసం. ఇంకా అచ్చు కాలేదు. అచ్చు వెయ్యవచ్చో లేదో, తప్పులెక్కడున్నాయో చూసి చెప్పమని ఒక సైన్సు పత్రిక ఎడిటరు పిన్నికి పంపింది. పిన్నిలాంటి వాళ్ళని సమీక్షకులంటారట. జీతం ఉండదు, పేరు బయటికి రాదు. చదివిన సంగతి గది దాటకూడదు. తనకి ఇప్పుడు కనబడదు కాబట్టి అక్క కూతురితో చదివించుకోవచ్చా అని పిన్ని ముందే అడిగింది. ఎడిటరు ఒప్పుకుంది. నా ఒక్కదానికే ఒప్పుకుంది.

“ఐదేళ్ళు తిరిగావు,” అన్నాడు బాబాయి. సూది చొక్కా కాలరుకి గుచ్చి ఉంది. మర్చిపోయినట్టున్నాడు. “ప్రతి చెట్టుకీ భూతద్దం పెట్టి చూస్తుంటే, ఈవిడకేదో పోయింది, వెతుక్కుంటోంది అనుకున్నారు జనం. ఇప్పుడెవరో అదే పని చేసి, బాగుందో లేదో చెప్పమని నీకే పంపారు. కొలతలు మనం తీసిపెడితే చొక్కా పక్క కొట్లో కుట్టించుకున్నట్టుంది.”

“వాళ్ళు పంపలేదు. ఎడిటరు పంపింది. వాళ్ళెవరో నాకు తెలీదు. నేనెవరో వాళ్ళకి తెలీదు.”

“మరింకేం. దొంగకి చీకటి దొరికినట్టే.”

“నన్ను దొంగంటున్నావా?”

“దొంగవి కానందుకే ఏడుస్తున్నాను.”

నాకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాను. పిన్ని మాత్రం నవ్వలేదు.

చెట్ల బెరడు మీద బూడిద రంగులో, అక్కడక్కడ ఆకుపచ్చగా ఒక పొర పూస్తుంది. దాన్ని లైకెన్ అంటారు. పొగ ఎక్కువైతే అది చచ్చిపోతుంది. ఏ వీధిలో ఎంత పూసిందో లెక్కపెడితే ఆ వీధిలో గాలి ఎలాంటిదో యంత్రం లేకుండానే చెప్పవచ్చు. పిన్ని ఐదేళ్ళ పని అదే. ఆ వ్యాసమూ దాని గురించే. పిన్నిది ఇంకా సగంలో ఉంది. వాళ్ళది పూర్తయింది.

ఈ నెలాఖరుకి పిన్ని ఉద్యోగం గడువు ముగుస్తుంది. పొడిగించాలంటే ఈ పని మీద ఒక వ్యాసమైనా పత్రికకి చేరినట్టు చూపించమన్నాడు ఆమె పనిచేసే పరిశోధన సంస్థ పెద్ద. వీళ్ళది ముందు అచ్చయితే, ఇందులో మీరు కొత్తగా కనిపెట్టిందేముంది అంటాడు. పిన్ని జీతం లేకపోతే ఈ ఇల్లు ఉండదు. బాబాయి టైలరు కొట్టు వెనకున్న ఒంటిగదిలోకి మారాలి. అందులో బాబాయి కాళ్ళు చాపితే పిన్ని కాళ్ళు ముడుచుకోవాలి. ఇక నేను ఎక్కడ పడుకుంటాను? ఊరికెళ్ళిపోవాలి. అక్కడ పదో తరగతి పైన చదువు లేదు.

ఇదంతా ఎవరూ నాతో అనలేదు. కానీ గొడవ పడుతున్నంతసేపూ ఇద్దరూ ఒకసారి కూడా నా వైపు తిరగలేదు. దాన్నిబట్టే తెలిసింది.

“ఒంట్లో బాగోలేదని రాయించు,” అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి. “అబద్ధం కూడా కాదు. నెల తరవాత చూస్తానను. ఈలోగా నీది పంపించెయ్.”

“నాదీ ఇదే పని అని ఎడిటరుకి మొదటి రోజే రాయించాను. న్యాయంగా చదవగలనని నమ్మకముంటే చదవండి, లేదంటే ఇవాళే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాను అంది. చదవగలనన్నాను.”

“ఎందుకన్నావు?”

“చదవగలను కాబట్టి.”

బాబాయి గోడ గడియారం చూశాడు. మాట మధ్యలో ఆపేసి మందు సీసా తీసుకున్నాడు. నాలుగు గంటలకొకసారి చుక్కలు వెయ్యాలి. పిన్ని అద్దాలు తీసి తల వెనక్కి వాల్చింది. ఆయన ఎడమచేత్తో ఆమె రెప్ప పట్టుకుని ఒక చుక్క వేశాడు. చెంప మీదికి జారిన నీటిని తన భుజం మీది గుడ్డతో అద్దాడు.  సీసా మూత పెట్టి ఆయన బయటికి వెళ్ళిపోయాడు.

“అమ్మలూ,” అంది పిన్ని, “తలుపేసి రా. మెల్లిగా చదువు. మూడో పట్టిక మళ్ళీ.”

కుర్చీ ఆమె చెవి దగ్గరికి జరుపుకుని గుసగుసగా చదివాను. ఇంగ్లీషు మాటలు కొన్ని నా నోట్లో తిరగవు. పిన్ని సరిచెయ్యదు, తనకి అర్థమైతే తల ఊపుతుంది. అంకెలు మాత్రం బాగా చదువుతాను. ఏడో వరస దగ్గర ఆగిపోయాను.

“ఏమైంది?”

“పదకొండు, తొమ్మిది, పద్దెనిమిది. కలిపితే ముప్పై ఎనిమిది కదా పిన్నీ. ఇక్కడ నలభై ఎనిమిదని ఉంది.”

“మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాను. పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. “నిన్న వింటూ నేను దాటేశాను,” అంది. “రాసుకో. ఏడో వరస. పాపం, ఎవరో నిద్రమొహంతో కూడినట్టున్నారు. ఎత్తిపొడిచినట్టు రాయకు. ‘మరొకసారి సరిచూసుకోగలరు’ అని రాయి.”

అలా మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది, నేను రాస్తూనే ఉన్నాను. ముందు ఆ వ్యాసంలో బాగున్నవన్నీ చెప్పింది. నాకు ఆశ్చర్యమేసింది. శత్రువుల్లాంటి వాళ్ళని ఇంత మెచ్చుకోవాలా? చెట్లని ఎంచుకున్న పద్ధతి బాగుందంది. ఫొటోలు తన ఫొటోలకన్నా స్పష్టంగా ఉన్నాయా అని నన్నే అడిగింది. ఉన్నాయన్నాను. అదీ రాయమంది.

తరవాత ఆగింది. చాలాసేపు దుప్పటి అంచు మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది.

“ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాయి. వాళ్ళు ప్రతి చెట్టునీ రోడ్డువైపే చూశారు. వాన కాండం మీద అన్ని వైపులా సమానంగా జారదు. చెట్టు వంపునిబట్టి ఒక వైపే ధార కడుతుంది. అక్కడ పొగ ఉన్నా లైకెన్ బతికేస్తుంది. ఆ వైపు లెక్కపెడితే చెడ్డ గాలి కూడా మంచి గాలిలా కనబడుతుంది. ఫ్యాక్టరీ పక్క వీధిలో గాలి శుభ్రంగా ఉందని రాశారు చూడు, అందుకే. ప్రతి చెట్టుకీ ముందు వాన జారే వైపేదో గుర్తు పెట్టుకుని, దాన్ని వదిలేసి మిగతా వైపులు లెక్కపెట్టాలి. ఎలా గుర్తుపట్టాలో కూడా చెబుతాను.”

చెప్పింది. పేజీన్నర అయింది.  పిన్ని ఐదేళ్ళ పనికి గుండెకాయ అదేనని నాకు తెలుసు. అది తెలిస్తే వాళ్ళు తిరిగి లెక్కపెట్టుకుంటారు. వాళ్ళ వ్యాసం పిన్ని వ్యాసమంత బాగుంటుంది. పైగా ముందే వస్తుంది.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే బాబాయి అక్కడ ఉన్నాడు. టీ పెట్టుకుంటున్నాడు. పొయ్యి వెలిగించడం మర్చిపోయి గిన్నె వంక చూస్తున్నాడు.

“పిట్టా,” అన్నాడు. నన్ను అలాగే పిలుస్తాడు. “వాన సంగతి కూడా చెప్పిందా?”

నేను నేలచూపులు చూశాను.

“చెప్పే ఉంటుంది. నాకు తెలుసు దాని సంగతి. తినే కంచం కూడా వాళ్ళ ముందుకి తోసేస్తుంది.” పొయ్యి వెలిగించాడు. “టైప్ చేసేది నువ్వే కదా. ఆ ఒక్క పేరా వదిలెయ్. దానికి కనబడదు. వాళ్ళని ముంచమనడం లేదు. మన చేత్తో ఒడ్డుకి లాగొద్దంటున్నాను.”

“బాబాయ్…”

“మీ అమ్మ ఏమని పంపింది నిన్ను? చదివిస్తామనే కదా. నా కోసం కాకపోతే నీ కోసం వదిలెయ్.”

ఆయన చెడ్డవాడు కాదు. నా పుస్తకాలకి అట్టలు వేసింది ఆయన. నాకు చలేస్తుందని నాలుగు యూనిఫారం ముక్కలు కలిపి దుప్పటి కుట్టింది ఆయన. అందుకే ఆ మాట తీసెయ్యలేకపోయాను.

టైప్ చేశాను. మెచ్చుకోలు చేశాను, ఏడో వరస చేశాను. వాన జారే పేజీన్నర దగ్గరికొచ్చేసరికి నోటుపుస్తకంలో ఆ కాగితాన్ని తిప్పేశాను. చివరి పేరా టైప్ చేశాను. తెరమీద ఎక్కడా అతుకు కనబడలేదు. బాబాయి కుట్టులాగే ఉంది.

“చదువు,” అంది పిన్ని.

చదివాను. ఆ చోటికొచ్చాక నోటుపుస్తకం చూసి ఆ పేజీన్నరా చదివేశాను. తెరమీద లేనిదాన్ని ఉన్నట్టే చదివాను.  గుసగుసగా చదువుతున్నాను కాబట్టి తేడా పిన్నికి తెలియలేదనుకుంటా.

ఆమె మొహం తేటపడింది. వారం రోజులుగా అలా చూడలేదు.

“బాగుంది. ఎవరినీ నొప్పించలేదు కదా?”

“లేదు పిన్నీ.”

“నా చేతికి ఇలాంటిదే ఒకటి వచ్చింది, పదకొండేళ్ళ కిందట. మీ బాబాయికి కూడా సరిగ్గా తెలీదు. నా మొదటి వ్యాసం, చివరికి అచ్చు కాలేదు. నేనూ రోడ్డువైపే లెక్కపెట్టాను. ఇంకెవరైనా అయితే ‘పనికిరాదు’ అని ఒక్క ముక్క రాసి పడేసేవాళ్ళు. అలా రాసేవాళ్ళు ఎంతమందో. ఒకరు మాత్రం మూడు పేజీలు రాశారు. వానలో ఒకసారి వెళ్ళి చెట్టు పక్కన నిలబడి చూడండి, నీళ్ళు ఎటు జారుతున్నాయో అని. వెళ్ళాను. గొడుగు పట్టుకుని గంటసేపు నిలబడ్డాను. చూస్తుండగానే అర్థమైపోయింది.”

నోటుపుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

“నాది నాది అంటాడు మీ బాబాయి. నాదెక్కడిది? ఆ మనిషి ఇచ్చిందే. ఆడో మగో కూడా తెలీదు. పేరుండదు కదా. మీటింగులకి వెళ్తే, తల నెరిసిన వాళ్ళందరినీ చూసి, వీళ్ళేనేమో అని మనసులో దణ్ణం పెట్టుకునేదాన్ని. వీళ్ళు కాకపోతే వీళ్ళు. ఎంతమందికి పెట్టానో.” నవ్వింది. చెయ్యి చాపి తడుముతూ నా తల వెతికి పట్టుకుంది. “ఇప్పుడు నువ్వు. నువ్వు లేకపోతే ఈ పని చెయ్యలేకపోయేదాన్ని తెలుసా? ఏడో వరస నువ్వే పట్టావు. ఎడిటరుకి ఆ మాట కూడా రాయిస్తాను. సరే, పంపించెయ్.”

తెరమీద బాణం గుర్తు ‘పంపు’ బొత్తాం మీదే ఉంది. నొక్కితే అయిపోయేది.

“పిన్నీ, ఒక్క నిమిషం.”

“ఏంటి?”

“ఒక పేరా టైప్ చెయ్యలేదు.”

“ఏది?”

“వాన జారే వైపు.”

నా తల మీదున్న చెయ్యి ఆగిపోయింది. తీసెయ్యలేదు, నిమరలేదు.  

“చదివావుగా.”

“నోటుపుస్తకంలోంచి చదివాను.”

ఎవరు చెప్పారని అడుగుతుందనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె అడగలేదు.

“నీ చదువు గురించి భయమేసిందా?” అంది.

“ఊఁ.”

“నాకూ వేసింది. మూడు రోజుల్నించీ వేస్తూనే ఉంది.” చెయ్యి మళ్ళీ కదిలింది. “టైప్ చెయ్ మరి. తప్పులు పోనివ్వకు.”

కన్నీళ్ళకి అక్షరాలు కనబడక రెండుసార్లు కొట్టేసి మళ్ళీ కొట్టాను. ఈ గదిలో ఇప్పుడు కళ్ళు కనబడేవాళ్ళు ఎవరూ లేరు అనుకుంటే నవ్వు కూడా వచ్చింది. పూర్తయ్యాక పిన్ని ఇంకో ఉత్తరం చెప్పింది. అది ఎడిటరుకి మాత్రమే. తన భర్త పక్క గదిలోంచి వ్యాసమంతా విన్నాడని, జాగ్రత్త పడనందుకు బాధ్యత తనదేనని, ఈ సమీక్ష పక్కన పెట్టదలుచుకుంటే అభ్యంతరం లేదని.

“నా గొంతు వల్లని రాయనా?”

“తలుపు గట్టిది కాదని నాకు తెలియాలి. నీ గొంతు బాగానే ఉంది.”

చుక్కల వేళకి బాబాయి వచ్చాడు. కంప్యూటరు వంక చూడకుండా సీసా తీసుకున్నాడు.

“నీ గురించి కూడా రాయించాను,” అంది పిన్ని తల వాల్చి.

“నా పేరు పత్రికకెక్కిందన్నమాట. టైలరు చాటునుంచి విన్నాడు అనా?”

“భర్త అని రాయించాను. టైలరంటే కొలతలు అడుగుతారని.”

ఆయన నవ్వలేదు. కానీ చుక్క వేసేటప్పుడు చెయ్యి మెత్తబడింది. నా వైపు తిరిగాడు. “పిట్టా, రాశావా?”

“రాశాను బాబాయ్. ముందు వదిలేశాను. మళ్ళీ రాశాను.”

పిన్ని నల్లద్దాలు పెట్టుకుంటూ ఆగింది. ఎవరు చెప్పారో ఆమెకి అప్పుడు తెలిసిపోయింది. బాబాయికీ అది అర్థమైంది. సీసా మూత పెడదామంటే అది జారి మంచం కిందికి దొర్లింది. వెతకడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు.

“అక్కడే ఉంటావా?” అంది పిన్ని.

“దొరకడం లేదు.”

నేను తెర చూశాను. పంపే ముందు ఆఖరి ప్రశ్న ఒకటి ఉంది. చదివాను. “మీ పేరు రచయితలకు తెలియజేయవచ్చా? అవును, కాదు.”

“కాదు,” అంది పిన్ని వెంటనే. “ఎప్పుడూ కాదే.”

“పేరైనా పెట్టు,” మంచం కిందనుంచి వచ్చింది బాబాయి మాట. “అన్నీ ఇచ్చేశావు. ఎవరిచ్చారో అదైనా తెలియనీ.”

“గొప్పకోసం చేసినట్టుంటుంది. నాకు రాసిన మనిషి పెట్టుకున్నారా పేరు?”

“పెట్టుకోలేదనేగా పదకొండేళ్ళనుంచీ కనబడిన ప్రతి తలకీ దణ్ణం పెడుతున్నావు,” అన్నాడు బాబాయి. తలుపు అవతలనుంచి అదీ విన్నాడన్నమాట.

 పిన్ని నా వైపు మొహం తిప్పింది. ఈ ఇంట్లో నన్ను ఏ విషయంలోనూ ఎవరూ సలహా అడగలేదు. అడగాలని నేనూ అనుకోలేదు.

“నువ్వు చెప్పు అమ్మలూ. నీకే ఎవరైనా అలా రాస్తే, వాళ్ళెవరో తెలియాలని ఉంటుందా?”

“ఉంటుంది పిన్నీ.” నా గొంతు నాకే కొత్తగా ఉంది. కాగితం లేకుండా అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. “చెప్పడానికి మనిషి దొరక్కపోతే ఆ మాట లోపలే ఉండిపోతుంది. మీకు ఉండిపోయింది కదా.”

పిన్ని నా చెయ్యి వెతికి దాని మీద తన చెయ్యి వేసింది.

“తెరమీద ‘అవును’ అన్నది ఎక్కడుంది?”

“ఇక్కడ.”

ఆమె వేలు నా వేలిని నొక్కింది. తెర ఒకసారి తెల్లబడి, ‘మీ సమీక్ష అందింది, కృతజ్ఞతలు’ అని చూపించింది. చదివి వినిపించాను.  నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

బాబాయి లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. మూత దొరకలేదు. జేబులోంచి ఫోను తీసి మీటలు నొక్కుతూ గుమ్మం దాటాడు. హాల్లో ఆగినట్టున్నాడు.

“వదినా, నేనే. పిల్ల గురించి మాట్లాడాలి.”

 పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది. నా మాట వినలేదు నీ కూతురు.” కాసేపు అటునుంచి అమ్మ ఏదో అన్నట్టుంది. “తిట్టకు. నే చెప్పేది విను ముందు. విననందుకే ఫోన్ చేశాను.”

ఆ తరవాత ఆయన వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇంకేం చెప్పాడో మాకు వినబడలేదు.